పసుపు బల్బు

లియో డొంబ్రోస్కీకి జనం చప్పట్లు కొడుతున్నారు. ఏం చేశాడని? చిట్టెం పారబోశాడు. కొలిమి కక్కిన మురికిని ఇనప గంగాళాల్లో రైలు మీద మోసుకెళ్ళి కొండ మీంచి కిందికి ఒంపాడు. బతుకంతా అదే పని. ఆ మిల్లులో అంతకు మించి వాడు పొడిచిందేమీ లేదు.

ఎమిల్ హ్రుస్కా గుంపు వెనక నిలబడ్డాడు. చేతులు కోటు జేబుల్లోంచి తియ్యలేదు.

అతనికి ఇక్కడికి రావాలని లేదు. మిల్లు మూతపడి ఇన్నేళ్ళయింది. కోసి అమ్ముకోగలిగినదంతా కోసి అమ్ముకున్నారు. మిగిలింది హేరియట్ ఒక్కతే. హేరియట్ అంటే కొలిమి. పాతకాలపు యజమాని తన పెళ్ళాం పేరు పెట్టుకున్నాడు. హోలిన్స్ బెండ్ ఊరి మగవాళ్ళంతా బతికినన్నాళ్ళూ ఆ యజమాని పెళ్ళానికి బొగ్గూ ఖనిజమూ తినిపించడమే పనిగా పెట్టుకున్నారు. ఇప్పుడు దాని తుప్పు మీద ఊదారంగు దీపాలు వేశారు. గొట్టాలకి ఆకుపచ్చ వేశారు. శవానికి పౌడరు రాసినట్టుంది. దానికి టికెట్టు పెట్టారు. జనం పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చి నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

పాత కార్మికులకి టికెట్టు లేదు. మరదలు ఓల్గా చర్చి ఆడవాళ్ళతో కలిసి గేటు దగ్గర పిరోహీల దుకాణం, అంటే కూర కుక్కిన కుడుముల దుకాణం, పెట్టింది. "ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటావా బావా, వచ్చి నాలుగు పిరోహీలు తిని పో," అని పోరింది. అందుకొచ్చాడు.

వచ్చి చూస్తే మైకు ముందు లియో.

"అప్పట్లో సినిమాకి డబ్బుల్లేని కుర్రాళ్ళు అమ్మాయిల్ని కార్లో తెచ్చి ఈ కొండ కింద ఆపేవాళ్ళు," అంటున్నాడు వాడు. నెరిసిన జుట్టు నున్నగా దువ్వాడు. మెడకి ఎర్ర మఫ్లరు. "నేను ఒంపే చిట్టెమే వాళ్ళకి సినిమా. కొండంతా నిప్పు జారుతుంటే ఏ పిల్లయినా కాదంటుందా? ఈ ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు నేను చేసినవే. మిగతా సగం నా వల్ల తొందరగా చెయ్యాల్సొచ్చినవి."

జనం విరగబడి నవ్వారు.

"అందరూ చూసేవాళ్ళే. పలకరించింది మాత్రం ఒక్కావిడ. అదిగో, ఆ ఎదురు గట్టు మీద అప్పట్లో ఇళ్ళ వరస ఉండేది. నేను గంగాళం ఒంపగానే ఒక ఇంటి వెనక వరండాలో దీపం రెండుసార్లు వెలిగి ఆరేది. రెండే రెండు సార్లు. వానైనా మంచైనా సరే."

"పేరు చెప్పు లియో!" అని ఎవరో అరిచారు.

"చెప్పను. పెద్దమనిషిని. ఆవిడ మొగుడింకా ఉంటే? ఈ మోకాళ్ళతో నేను పరిగెత్తలేను నాయనా."

మళ్ళీ నవ్వులు. అప్పుడు దీపాలన్నీ ఆర్పేశారు. చిట్టెం కొండ నెత్తి మీద నారింజరంగు వెలుగు ఒక చుక్కలా పుట్టింది. పొంగింది. పాయలై కిందికి జారింది. ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన మారిబెల్ అనే కళాకారిణి కొండ పొడుగునా తీగలు పరిచి చేసిన పని అది. వెలుగు అడుగుదాకా జారి, ఎర్రబడి, మసకబారింది. ఒక్క క్షణం అంతా చీకటి. ఎదురు గట్టు మీద, పైన, ఒక చిన్న దీపం వెలిగి ఆరింది. మళ్ళీ వెలిగి ఆరింది.

జనం ఆహా అన్నారు. ఎమిల్ జేబుల్లోంచి చేతులు తీశాడు.

ఆ దీపం పసుపుది. పురుగులు వాలవని అమ్మే పసుపు బల్బు. అప్పట్లో ఆ వరసలో పసుపు బల్బు ఉన్న వరండా ఒక్కటే. తన ఇంటికి ఆ బల్బు బిగించింది అతనే.

*

భార్య వెరోనా పోయాక ఇది నాలుగో చలికాలం. ఆమె మీద ఎమిల్‌కి ఒక కోపం ఉండేది. ఆమెతోపాటు దాన్ని పాతిపెట్టలేకపోయాడు.

అతను షిఫ్టుకి బయల్దేరేటప్పుడు ఆమె ఏనాడూ గుమ్మం దాకా రాలేదు. పక్కింటి ఆడవాళ్ళు మొగుళ్ళ కాలర్లు సర్ది, ముద్దిచ్చి, మెట్లు దిగేదాకా చెయ్యూపేవాళ్ళు. వెరోనా అన్నం డబ్బా బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగి, కుళాయి తిప్పేది. తోమడానికి గిన్నెలు లేకపోయినా తిప్పేది. ఆమె వీపూ, కుళాయి చప్పుడూ. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగాడు. "పనుంది, వెళ్ళు," అంది. మళ్ళీ అడగలేదు. అడిగే రకం కాదు అతను. తనని చేసుకున్నందుకు ఆమె లోపల ఏడుస్తోందని తేల్చుకున్నాడు. అలా తేల్చుకుని ఆమెతో బతికాడు, పిల్లల్ని పెంచాడు, ఆమెని మట్టిలో పెట్టాడు.

ఇప్పుడు తెలిసింది, ఆమెకి పలకరించడం చేతకాక కాదని. మొగుడికి వీపు చూపించింది. లియోకి దీపం చూపించింది.

ఇంటికెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. కోటు విప్పలేదు. ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఓల్గా పెళ్ళిలో లియో వెరోనాతో రెండుసార్లు పోల్కా నాట్యం ఆడాడు. వాడు బాగా ఆడతాడు, బూట్లు నేలకి తగిలేవి కావు. ఎమిల్ గోడకి ఆనుకుని బీరు తాగుతూ చూశాడు. ఆట అయ్యాక వెరోనా చెంపలు ఎర్రగా ఉన్నాయి. ఉక్కగా ఉంది అంది. అది ఫిబ్రవరి, బయట మంచు. లియో పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదు? వెరోనా అంత్యక్రియలకి వాడు ఎర్ర మఫ్లరు తీసేసి నల్లది చుట్టుకుని వచ్చాడు. వెనక బెంచీలో కూర్చున్నాడు. అయినవాడిలా ఏడ్చాడు. వాడికేమైంది ఏడవడానికి అని ఎమిల్ అప్పుడే అనుకున్నాడు.

గోడ మీద వెరోనా ఫొటో ఉంది. దాన్ని తీసి బల్ల మీద బోర్లా పెట్టాడు.

*

మర్నాడు చీకటి పడగానే ఓల్గా దుకాణం దగ్గరికి వెళ్ళాడు. ఆమె పెద్ద పెనం మీద వెన్నలో ఉల్లిపాయలు వేయిస్తోంది. తల మీద ఊలు టోపీ, ముక్కు ఎర్రగా ఉంది.

"వచ్చావా బావా! నిన్న తినకుండానే మాయమైపోయావు. బంగాళాదుంపవి పెట్టనా, క్యాబేజీవా?"

"లియో చెప్పే ఆవిడ ఎవరు?"

"ముందు తిను."

"ఎవరని అడిగాను."

ఓల్గా గరిటె ఆగింది. పక్కనున్న చర్చి ఆడవాళ్ళ వైపు ఒకసారి చూసి, అప్రాన్‌కి చేతులు తుడుచుకుని, అతన్ని డేరా వెనక్కి లాక్కెళ్ళింది.

"బల్బు చూసి పోల్చుకున్నావన్నమాట. మా అక్కే. అయితే ఏంటి?"

"అయితే ఏంటా? నా ఇంట్లో, నా దీపంతో, ఆ పోల్కాగాడికి..."

"నోరు ముయ్యి బావా." ఓల్గా ఎప్పుడూ అతనితో అలా మాట్లాడలేదు. "ఇన్నేళ్ళు కొలిమి దగ్గర పనిచేశావు, నీ బుర్ర కూడా కరిగి అందులోనే పోయినట్టుంది. ఆ కొండ మీదికి చిట్టెం గంగాళాలు ఎప్పుడొస్తాయి? చెప్పు."

"కరిగిన ఇనుము కిందికి దిగాక."

"ఇనుము దిగాక?"

"అంతా దిగి, కొలిమి నోరు మట్టితో మూసేశాక. అప్పుడు రైలు కదులుతుంది."

"మా నాన్న ఎప్పుడు పోయాడు?"

మామగారు ఎప్పుడు పోయాడో మిల్లులో అందరికీ తెలుసు. ఇనుము దిగే వేళ కొలిమి పక్క పగిలింది. పాతిపెట్టడానికి ఆయన బెల్టు బకిల్ తప్ప ఏమీ దొరకలేదు.

"కొండ ఎర్రబడిందంటే నువ్వు బతికున్నావని లెక్క బావా. అంతవరకూ అక్క వరండాలో నిలబడేది. నేనెన్నిసార్లు పక్కన నిలబడలేదు! శాలువా కప్పుకుని, గోళ్ళు కొరుక్కుంటూ. చిట్టెం కనబడగానే హమ్మయ్య అని దీపం రెండుసార్లు వేసి తీసేది. ఎవరికో చెప్పాలని కాదు. వెలిగించి ఆర్పితేగానీ దానికి ఊపిరి వచ్చేది కాదు. అది నీ దీపం. లియో లేడు గియో లేడు."

"మరి గుమ్మం దాకా ఎందుకు వచ్చేది కాదు?"

ఓల్గా అతని మొహంలోకి వింతగా చూసింది. "నీకు తెలీదా? నాన్న పోయిన రోజు పొద్దున అమ్మ గుమ్మం దాకా వెళ్ళింది. ఎప్పుడూ వెళ్ళేది కాదు. ఆ రోజెందుకో వెళ్ళి, జాగ్రత్త అని చెప్పి, ముద్దుపెట్టి పంపింది. ఆ తర్వాత మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ మగాణ్ణి కొలిమికి సాగనంపలేదు. నేను మా ఆయన్ని సాగనంపానా? ఆయన బూట్లు వేసుకుంటుంటే పైకి పోయి పక్క దులిపేదాన్ని. దులిపి దులిపి దుప్పట్లు చిరిగిపోయేవి."

"నాతో ఒక్క మాట చెబితే ఏం పోయేది?"

"చెబితే అదీ సాగనంపడమే కదా," అంది ఓల్గా. "పద, ఉల్లిపాయలు మాడిపోతున్నాయి."

*

దుకాణం నుంచి కొలిమి దాకా నడుస్తున్నంతసేపూ ఎమిల్ ఒంట్లో ఏదో తేలికైంది. నాది. ఆ దీపం నాది. కుళాయి చప్పుడు కూడా నాదే. ఎదురొచ్చిన ఎవరో పలకరిస్తే బదులు చెప్పాడు కూడా.

ఆ తేలిక కొలిమి షెడ్డులో అడుగుపెట్టేదాకానే ఉంది.

ఇనుము దిగే చోట ఇసకలో కాలువలు అలాగే ఉన్నాయి. వాటి వెంట ఎర్ర దీపాలు పరిచారు. ఒక జంట వాటి పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎమిల్ తన చోటికి వెళ్ళాడు. కొలిమి నోటికి ఎడమ పక్క, స్తంభం దగ్గర. కాళ్ళు వాటంతటవే సరిగ్గా అక్కడ ఆగాయి. గట్టు ఎటుందో లెక్కవేసుకుని అటు తిరిగాడు.

రేకు గోడ.

కిటికీ లేదు. సందు లేదు. నేలనుంచి కప్పుదాకా రేకు. బతుకంతా ఇక్కడ నిలబడ్డాడు. ఆ రేకు అవతల, ప్రతి షిఫ్టులో, ఒక దీపం అతని పేరు పెట్టి రెండుసార్లు వెలిగింది. ఒక్కసారి కూడా అతను చూడలేదు.

చూసింది ఎవడు?

అసూయ నిన్నటిదానికన్నా ఎక్కువగా వచ్చింది. నిన్న వాడు వెరోనాని దొంగిలించాడేమో అనుకున్నాడు. అదైతే పోట్లాడి తేల్చుకోవచ్చు. ఇదలా కాదు. ఆమె ఇచ్చింది ఎమిల్‌కి. అందుకున్నది లియో.

*

లియో వేదిక వెనక బల్ల మీద కూర్చుని అక్రోటు రొట్టె తింటున్నాడు. ఎమిల్‌ని చూసి పక్కకి జరిగాడు.

"రారా ఎమిల్. కూర్చో. ఓల్గా చేసింది, తింటావా?"

"ఆ దీపం నీకు కాదు."

లియో నమలడం ఆపలేదు. "తెలుసు."

ఎమిల్ కూర్చోలేదు.

"ఆ కొండకి హేరియట్ చిట్టెం తప్ప ఇంకోటి రాదు," అన్నాడు లియో. "హేరియట్ దగ్గర నీ షిఫ్టు ఉన్న వారం వరండా వెలిగేది. నీ షిఫ్టు లేని వారం నేను ఎంత బాగా ఒంపినా అక్కడ చీకటే. నేనేమన్నా మొద్దునా? నెలలోపే తెలిసింది."

"తెలిసీ మైకులో నాకే అని వాగుతున్నావా?"

"నాకని అనలేదు. నేను ఒంపగానే వెలిగేదన్నాను. అది నిజమే."

"సిగ్గులేదురా నీకు?"

లియో రొట్టె కింద పెట్టాడు. మఫ్లరు మీది పొడి దులుపుకున్నాడు. "నువ్వు దాన్ని ఎన్నిసార్లు చూశావు ఎమిల్?"

ఎమిల్ షెడ్డు రేకు గోడ వైపు తిరిగాడు.

"నేను చూశాను. మంచు పడుతుంటే కూడా చూశాను. నీ షిఫ్టూ నా షిఫ్టూ ఒకటే పడాలని ఫోర్‌మన్‌కి విస్కీ పోసేవాణ్ణి, తెలుసా? ఆవిడ నిలబడి ఉంటుందని గంగాళం ఒంపడం ఆలస్యం చేసేవాణ్ణి కాదు. కొందరు టీ తాగి, సిగరెట్టు కాల్చి ఒంపేవాళ్ళు. నేను వెళ్ళీ వెళ్ళగానే ఒంపేవాణ్ణి. నీకు ఇంటికెళ్తే సూపుంది, పక్కలో మనిషుంది. నాకు పిల్లి. ఆ కాస్త వెలుతురు నా కంట్లో పడితే నీకేం తరిగిపోయిందిరా?"

"రేపు చెప్పు. మైకులో చెప్పు. ఆవిడ హ్రుస్కా పెళ్ళాం, ఆ దీపం హ్రుస్కా కోసం అని చెప్పు."

"చెప్పను."

"చెప్పవా?"

"చెప్పను. నువ్వు చెప్పుకో, మైకు అక్కడే ఉంది. ఎవడు వద్దన్నాడు?"

అప్పుడే మారిబెల్ తీగచుట్ట భుజాన వేసుకుని వచ్చింది. సగం విన్నట్టుంది. ఆమె కళ్ళు మెరిశాయి. "హ్రుస్కా గారూ, ఆ ఇల్లు మీదా? అయ్యో, ముందే తెలిస్తే ఎంత బాగుండేది! రేపు ఇద్దరూ మాట్లాడండి. ముందు లియో గారు, తర్వాత మీరు. ఒకే దీపం, రెండు కథలు. ఏమంటారు?"

"పంచుకోడానికి అదేమన్నా రొట్టా?" అని ఎమిల్ వెళ్ళిపోయాడు.

దారిలో ఆలోచించాడు. మైకు ముందు నిలబడి ఏం చెప్పాలి? మంచులో ఎలా కనబడేదో లియో చెప్పగలడు. తను చెప్పగలిగింది కుళాయి గురించి.

*

మూడో రోజు ప్రదర్శన మొదలవక ముందే ఎమిల్ ఎదురు గట్టు ఎక్కాడు. పాత మెట్లదారి సగం విరిగిపోయి ఉంది. మోకాళ్ళు పట్టుకుని, ఆగి ఆగి ఎక్కాడు. ఇళ్ళ వరస లేదు. ఎండిన గడ్డి ఉంది. గడ్డిలో తన ఇంటి వెనక మెట్టు, సిమెంటుది, ఒక్కటే మిగిలి ఉంది. దాని పక్కనే గుంజ పాతారు. గుంజకి పసుపు బల్బు. దాని తీగ గట్టు దిగి కిందికి వెళ్ళిపోయింది.

మెట్టు మీద నిలబడ్డాడు. ఆమె నిలబడిన చోటు. చెయ్యి చాపితే బల్బు అందింది. మూడు చుట్లు తిప్పేసరికి ఊడి చేతిలోకి వచ్చింది. చల్లగా ఉంది.

కింద దీపాలన్నీ ఆరిపోయాయి.

చిట్టెం కొండ నెత్తి మీద నారింజరంగు పుట్టింది. కిందినుంచి చూసినప్పుడు అది వేరు. ఇక్కడికి ఎదురుగా వస్తుంది. పొంగి, పాయలై, మొహం మీదికి జారుతున్నట్టు వచ్చింది. గడ్డి ఎర్రబడింది. మెట్టు ఎర్రబడింది. తన చేతులు ఎర్రబడ్డాయి. హేరియట్ చీకట్లో నల్లగా నిలబడింది. దాని పక్కనే షెడ్డు, అగ్గిపెట్టె అంత. వెరోనా నిలబడి చూసింది ఆ అగ్గిపెట్టెని. అందులో అతను.

"వెరోనా," అన్నాడు. ఇంకేమీ తోచలేదు.

వెలుగు అడుగుదాకా జారి మసకబారింది. చీకటి పడింది. కింద జనం నిశ్శబ్దంగా ఎదురుచూస్తున్నారు. బల్బు అతని పిడికిట్లో ఉంది. తిరిగి బిగించడానికి ఎంతోసేపు పట్టదు.

బిగించలేదు. ఈ ఒక్కసారి అది లియో కంట్లో పడదు.

కింద కలకలం మొదలైంది. ఎవరో ఈల వేశారు. మారిబెల్ గొంతు మైకులో వినిపించింది. "క్షమించండి, బల్బు మాడిపోయినట్టుంది, ఇప్పుడే చూస్తాం..."

"మాడలేదు." అది లియో గొంతు. మైకు లాక్కున్నట్టున్నాడు. వేదిక మీది చిన్న దీపం కింద వాడు చిన్నగా కనబడుతున్నాడు. ఎర్ర మఫ్లరు, ముసలి మెడ పైకెత్తి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని గట్టు వైపే చూస్తున్నాడు. "అప్పుడప్పుడూ ఆలస్యమయ్యేది. ఆవిడింకా బయటికి రాలేదు. ఆగండి."

జనం ఆగారు. వాడూ ఆగాడు.

ఎమిల్ బల్బుని కోటు జేబులో వేసుకుని, దాని మీద చెయ్యి పెట్టి, మెట్టు మీద కూర్చున్నాడు.

"ఆగు," అన్నాడు చీకట్లో. "ఆగరా లియో. ఆగు."